మూడున్నర వేళ్లు

వెనక చెరువు కట్ట తెగి మా మిల్లులోకి నీళ్లొచ్చిన ఏడాది అది. మా వీధిలో ఎవరిని అడిగినా ఆ ఏడాదిని అలాగే చెబుతారు. పెళ్లయినా, పురుడైనా, చావైనా నీళ్లు రాకముందా, వచ్చాకా అని అడుగుతారు. ఆయుధపూజ నీళ్లు రాకముందు జరిగింది. మా రత్నమ్మ నీళ్లొచ్చాక పోయింది.

మాది పిండి మిల్లు. హొసూరు రోడ్డు దిగి లోపలికి వస్తే రెండో సందులో ఉంది. కింద మిల్లు, పైన ఇల్లు. రాగులు, గోధుమలు ఒక రాయికి, మిరపకాయలు, ధనియాలు ఇంకో రాయికి ఆడిస్తాము. నేను మూడో తరగతిలో బడి మానేసి మా నాయిన పక్కన మిల్లులో నిలబడ్డాను. మిల్లు తిరుగుతుంటే మాట వినపడదు. అందుకని మేము చేతులతో మాట్లాడుకునేవాళ్లం. రత్నమ్మ తక్కెడ దగ్గర కూర్చుని నాకు చెయ్యి చూపించేది. బొటనవేలు, చూపుడువేలు కలిపి రుద్దితే మెత్తగా ఆడించమని. పిడికిలి తిప్పితే రవ్వగా. అరచెయ్యి బోర్లిస్తే ఆపమని. గుప్పెట మూసి తెరిస్తే అయిపోయింది, బాగుంది అని. పెళ్లయిన నాటి నుంచి అలాగే గడిచింది. మాటల అవసరం పెద్దగా పడలేదు.

పెళ్లయిన కొత్తలోనే మిల్లు బెల్టులో పడి ఆమె కుడిచేతి ఉంగరపు వేలు సగానికి పోయింది. గోడకు పిండి చెయ్యి ఆనించినా, చీరకు తడి చెయ్యి తుడుచుకున్నా ఆమెదేనని తెలిసిపోయేది. మూడు వేళ్లు నిండుగా ఉండేవి, ఒకటి సగం.

మా కొడుకు బసవరాజు అత్తిబెలెలో ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. వాడి భార్య అలివేలు. వాళ్లకు ఒక్కతే కూతురు, చైత్ర. కాలేజీలో చదువుతోంది. చదువుకోసమని కంప్యూటరు కొన్నారు. ఆ ఏడాదే ఫోను తీగలో నుంచి ఇంటర్నెట్టు కూడా పెట్టించారు. అప్పటి నుంచి ఆ పిల్ల సాయంత్రాలు ఒక తుపాకీల ఆట ఆడేది. ఐదుగురు ఒకవైపు, ఐదుగురు ఇంకోవైపు. ఎవరిళ్లలో వాళ్లు కూర్చుని ఉంటారు. తెరమీద మాత్రం అందరూ ఒకే పాడుబడిన ఊళ్లో గోడల చాటున తిరుగుతుంటారు.

మిల్లు కట్టేశాక రత్నమ్మ పైకి వచ్చి, కాళ్లు కడుక్కుని, చైత్ర వెనక చెక్క స్టూలు వేసుకుని కూర్చునేది. ఆటలో ఏమీ తెలియదు. అయినా నోరు ఊరుకునేది కాదు. మిల్లులో మాట్లాడలేని మాటలన్నీ అక్కడ మాట్లాడేది.

"వాడు మనోడా, అవతలోడా?"

"మనోడే అవ్వా."

"మరి వాణ్ణేల కాల్చినావే?"

"చెయ్యి జారింది."

"వానికి పెండ్లాం బిడ్లు ఉండరా? పాపం గదే."

"మళ్లీ లేస్తాడులే అవ్వా. ఈ రౌండు అయిపోతే అందరూ లేస్తారు."

"ఓ, లేస్తాడా! అట్లయితే ఇంకోటి కాల్చు."

నేను వరండాలో కూర్చుని వినేవాణ్ణి.

ఆయుధపూజ మా ఇంట్లో పెద్ద పండగ. మిల్లు కడిగి, రాళ్లకు, మోటారుకు, తక్కెడకు, చేటలకు, మెయిన్ స్విచ్చికి కూడా పసుపు కుంకుమలు పెడతాము. అందరూ వేలికొనతో చుక్క పెడతారు. రత్నమ్మ అలా కాదు. పసుపు చెంబులో చిక్కగా కలిపి, చెయ్యి ముంచి, నాలుగు వేళ్లతో పై నుంచి కిందికి లాగేది. అది వాళ్ల పుట్టింటి పద్ధతి. కింద పూజ అయ్యాక ఆ చెంబు పట్టుకుని పైకి వచ్చింది. నేను ఆరతి పళ్లెంతో వెనక ఉన్నాను.

చైత్ర కంప్యూటరుకు అడ్డం నిలబడింది. "అవ్వా, దీనికి పుయ్యొద్దు. లోపల కరెంటు ఉండాది. కావాలంటే ఒక కుంకుమ చుక్క పెట్టుకో."

"అన్నం పెట్టేదానికి అంత పూసి, ఆట ఆడించేదానికి చుక్క పెడితే అది అలగదా?"

"అలగదు. నేను చెప్పినా గదా దానికి."

"సరే. నీ ఆట యాడ నుంచి వస్తాది?"

"ఫోను తీగలో. ఇదిగో, ఈ తెల్ల పెట్టెలోకి వస్తాది. ఇక్కణ్ణుంచి ఈ మోడెమ్‌లోకి, ఆడనుంచి కంప్యూటర్‌లోకి."

"అట్లయితే పూజ చేయాల్సింది దీనికే గదే పిచ్చిదానా!"

చైత్ర నవ్వి పక్కకు జరిగింది. రత్నమ్మ చెయ్యి ముంచి ఆ పెట్టె మీద పై నుంచి కిందికి ఒక్కసారి లాగింది. పసుపు ఆ పెట్టె దాటి, గోడ మీద కూడా జానెడు కిందికి వచ్చింది. మధ్యలో కుంకుమ పెట్టి, పెట్టె పైన సందులో ఒక బంతిపువ్వు దోపింది. "మా పాపను గెలిపియ్యి. గెలిస్తే హైదరాబాదుకు తీసుకపోతారంట. నేనూ పోయి చార్మినారు చూసొస్తా," అంది. ఆరతి ఇచ్చాను.

తర్వాత వానలు పట్టుకున్నాయి. చెరువు కట్ట తెగింది. మిల్లులో నీళ్లు మోకాలి పైకి నిలబడ్డాయి. రాగుల సంచులు తడవకుండా రత్నమ్మ ఆ నీళ్లలోనే అటూ ఇటూ నడిచింది. నీళ్లు దిగాక బురద కడిగింది. తర్వాత జ్వరం వచ్చింది. ఆసుపత్రికి తీసుకుపోయాము. అక్కడే పోయింది.

కర్మలు అయ్యాక అలివేలు ఇల్లంతా కడిగింది. కింద మిల్లులో పసుపు గుర్తులు నీళ్లతోనే పోయాయి. తక్కెడ మీద లేదు. మోటారు మీద లేదు. ఆమె చీరలు ఎవరెవరికో ఇచ్చేశారు. అలివేలు సబ్బునీళ్ల గుడ్డ పట్టుకుని ఆ ఫోను పెట్టె దగ్గరికి వచ్చింది. బంతిపువ్వు ఎండి నల్లగా ఉంటే తీసేసి, మూడున్నర వేళ్ల పసుపు గీతల మీదికి గుడ్డ ఎత్తింది.

"అది ఉండనీ," అన్నాను.

"గోడ పాడుగా కనిపిస్తా ఉండాది మామా."

"ఉండనీ."

ఆమె గుడ్డ తీసుకుని వెళ్లిపోయింది. ఆ ఇల్లు కడిగిన రోజున నేను మాట్లాడింది అంతే.

మిల్లు మళ్లీ తెరిచాను. తక్కెడ దగ్గర ఎవరూ లేరు. రాగులు పోస్తే పిండి పడుతుంది. ఆకలి వేళకు అలివేలు అన్నం పెడితే తింటాను. ఏడుపు వస్తుందేమోనని బసవరాజు నా ముఖం చూసేవాడు. రాలేదు. మిల్లు కట్టేశాక చెవుల్లో కాసేపు మోత ఉంటుంది. అప్పట్లో ఆ మోత పొద్దుగూకులూ ఉండేది.

చైత్ర కూడా ఆట మళ్లీ మొదలుపెట్టింది. స్టూలు ఆమె వెనక అలాగే ఉంది. ఎవరూ కూర్చోలేదు, ఎవరూ తీయలేదు.

అప్పటి నుంచే ఆట మొరాయించడం మొదలైంది. బాగానే నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి తెర మీద మనుషులు నిలబడిపోతారు. మళ్లీ కదిలేసరికి చైత్ర మనిషి చచ్చి పడి ఉంటాడు. దాన్ని ల్యాగ్ అంటారట. అదేమిటని నేను అడగలేదు. ఆ పిల్లే చెప్పింది.

"నువ్వు రాగులు పోస్తా ఉంటే పిండి పడతా ఉంటాది గదా తాతా. నాకు అట్ల పడదు. ఉన్నట్టుండి నిల్చిపోతాది. తర్వాత అంతా ఒక్కసారి కుప్పగా పడతాది. ఆ మధ్యలో వాళ్లు నన్ను కాల్చేస్తారు."

"రాయి పట్టేసుకుంటా ఉండాది," అన్నాను.

"ఆ, అదే. యాడ పట్టేసుకుంటా ఉండాదో తెలీదు."

తెరకు ఒక మూల చిన్న నల్ల గడి పెట్టుకుంది. అందులో అంకెలు ఒకదాని కింద ఒకటి పడుతుంటాయి. ఇక్కడి నుంచి పోయిన కబురు తిరిగి రావడానికి ఎంతసేపు పట్టిందో ఆ అంకె చెబుతుందట. చిన్న అంకె మంచిది. చిన్నవి, చిన్నవి, చిన్నవి పడి, మధ్యలో ఒక్కసారిగా ఇంత పెద్దది పడేది. అది పడినప్పుడల్లా చైత్ర పళ్లు కొరికేది.

వాళ్ల జట్టుకు పెద్ద అభిజిత్ అనే కుర్రాడు. గుంటూరు వైపువాడు, ఎలక్ట్రానిక్ సిటీలో ఉద్యోగం. నేను ఎప్పుడూ చూడలేదు. వాడి గొంతు మాత్రం కంప్యూటరు స్పీకర్లలో నుంచి ఇల్లంతా వినపడేది.

"చైత్రా, మళ్లీ ఫ్రీజ్ అయ్యావ్! గోడకి తల గుద్దుకుంటూ నడుస్తున్నావ్ తల్లీ!"

"నా లైను ప్రాబ్లం అభీ, చూస్తా ఉండా."

"మీ ఇంటికి నెట్ పైపులో వస్తోందా, నీళ్ల ట్యాంకర్లో వస్తోందా?"

మిగతా కుర్రాళ్లు నవ్వేవారు. ఈ పిల్ల కూడా నవ్వేది, ముఖం మాత్రం అలాగే ఉండేది.

ఒక రోజు అభిజిత్ నవ్వకుండా చెప్పాడు. "చూడు, వచ్చే సండే మ్యాచ్ గెలిస్తే నేరుగా హైదరాబాద్ పోటీలకి. నువ్వు లేకపోతే మా టీమ్ లేదు, అది నాకూ తెలుసు. కానీ సండే కూడా నీ లైన్ ఇలాగే ఎగిరితే, తర్వాత నీ ప్లేస్‌లో సందీప్‌ని తీసుకుంటా. ఏమనుకోకు."

"సండే లోపల సరి చేస్తాలే," అంది చైత్ర.

సర్కిల్లో సైబర్ సెంటర్ ఉంది. అక్కడికి పోయి ఆడతానని వాళ్ల నాన్నను అడిగింది.

"ఆ పొగలో, ఆ మగపిల్లకాయల మధ్య ఆదివారమంతా కూర్చుంటావా? ఇంట్లో ఇంత పెట్టి కొనిచ్చింది దేనికి?" అన్నాడు బసవరాజు. "ఆడితే ఇంట్లో ఆడు. లేకుంటే ఆట మానేసి సుమ్నే ఉండు."

ఆ వారమంతా ఆ పిల్ల ఆ ల్యాగ్ వెంటే పడింది. మోడెమ్ ఆపి పెట్టింది, మళ్లీ వేసింది. కంప్యూటరు నుంచి మోడెమ్‌కు పోయే తీగ మార్చింది. ఎవరో స్నేహితురాలి ఇంటి నుంచి ఇంకో మోడెమ్ తెచ్చి పెట్టి చూసింది. కంప్యూటరులో ఉన్నదంతా తుడిచి మళ్లీ ఎక్కించింది. అంకెలు చూడటం, పళ్లు కొరకడం.

తర్వాత అనుమానం నా మిల్లు మీదికి వచ్చింది.

"తాతా, నీ మోటారు తిరిగేటప్పుడు కరెంటు ఎగరతా ఉంటాది గదా. దానివల్లేమో. నేను ఆడేటప్పుడు కొంచెంసేపు ఆపుతావా?"

ఆపాను. సాయంత్రం రద్దీ వేళ. మూడు ఇళ్ల అవతల ఉండే హనుమక్క రాగుల డబ్బా పెట్టుకుని కూర్చుని ఉంది.

"ఏమన్నా, రాయి అరిగిపోయిందా?"

"లేదు."

"కరెంటు పోయిందా?"

"లేదు."

"నోట్లో నుంచి ఇంకో మాట రాలతాదా, నేను పోవల్నా?"

"పైన పాప ఆడతా ఉండాది."

"అయ్యో రామా! పాప ఆడుకునేదానికి వీధంతా ముద్ద మానుకోవల్నా? రత్నక్క ఉండింటే ఇట్ల చేసిండునా?" అని, తర్వాత నాలుక కరుచుకుంది. డబ్బా ఒళ్లోకి లాక్కుంది.

కాసేపటికి చైత్ర మెట్ల మీదికి వచ్చింది. మిల్లు తిరగడం లేదు కాబట్టి నోటితో చెప్పవచ్చు. అయినా అరచెయ్యి అటూ ఇటూ ఊపింది. మోటారు వల్ల కాదని. చిన్నప్పటి నుంచి మమ్మల్ని చూసి ఆ పిల్లకు ఆ సైగలు వచ్చు. నేను స్విచ్చి వేశాను.

మిగిలింది వరద. సందు చివర ఫోను తీగలన్నీ కలిసే గుంట ఒకటి ఉంది. అది నీళ్లలో మునిగింది. సగం వీధి ఫోన్లు అప్పట్లో మూగబోయాయి. చైత్ర ఫిర్యాదు చేసింది. లైన్‌మన్ పెదమునియప్ప వచ్చాడు. మా మిల్లుకు పిండికి వచ్చే మనిషే. గుంట తెరిచి, బురద తోడి, అతుకులు కోసి మళ్లీ కట్టాడు. ల్యాగ్ పోలేదు. వరదే అనుకుంటూ ఇంకా రెండు చోట్ల కట్టాడు. ఆ వీధిలో అప్పుడు ఏది చెడినా వరదే అనేవాళ్లం.

ఆదివారానికి ముందు ఒక రోజు మధ్యాహ్నం భోజనాల వేళ పెదమునియప్ప సంచి తగిలించుకుని మా మెట్లు ఎక్కాడు. నేను హోటలువాళ్ల గోధుమలు ఆడిస్తున్నాను. పైన చైత్ర ఒక్కతే ఉంది. కాసేపటికి అతను దిగి వచ్చాడు. నా పక్కన నిలబడి, చేత్తో పైకి చూపిస్తూ ఏదో చెప్పాడు. నోరు కదలడం కనిపించింది. మోతలో ఒక్క ముక్క వినపడలేదు. తల ఊపాను. అతను కూడా తల ఊపి వెళ్లిపోయాడు.

మెట్ల మీద చైత్ర నిలబడి ఉంది. నేను చూసేసరికి చెయ్యి ఎత్తి, గుప్పెట మూసి తెరిచింది.

అయిపోయింది, బాగుంది.

నేను మళ్లీ గోధుమల వైపు తిరిగాను.

ఆదివారం మధ్యాహ్నం మిల్లు కట్టేసి పైకి వెళ్లాను. ఆట మొదలై చాలాసేపయింది. బసవరాజు, అలివేలు పెళ్లికని హొసకోటె పోయారు. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. అభిజిత్ గొంతు ఆగకుండా వస్తోంది. లెఫ్ట్ అంటున్నాడు, వెనక్కి అంటున్నాడు, సూపర్ అంటున్నాడు. చైత్ర భుజాలు ముందుకు వంచి కూర్చుంది. వెనక స్టూలు ఖాళీగా ఉంది.

చివరి రౌండు అన్నారు. మనవాళ్లలో ఒక్కొక్కరే పోయారు. చైత్ర ఒక్కతే మిగిలింది. అవతల కూడా ఒక్కడే. స్పీకర్లలో అందరూ నోరు మూసుకున్నారు. ఆ పిల్ల ఒక గోడ వెంట మెల్లగా నడిపించింది. మూల తిరిగింది. అవతలివాడి వీపు కనిపించింది.

నల్ల గడిలో పెద్ద అంకె పడింది.

తెర నిలబడిపోయింది. వాడి వీపు అలాగే ఉంది. చైత్ర మౌసు నొక్కుతోంది, నొక్కుతూనే ఉంది. కదిలేసరికి వాడు ఇటు తిరిగి ఉన్నాడు, ఈ పిల్ల మనిషి నేల మీద ఉన్నాడు.

అవతలివాళ్లు గెలిచారు.

"వాడు నీకు వీపు చూపించి నిలబడ్డాడు చైత్రా," అన్నాడు అభిజిత్. "వీపు."

"ఊ."

"సరి చేయించానన్నావ్ కదా?"

"ఊ."

"ఇంకో ఛాన్స్ ఉంది మనకి, ఓడినవాళ్ల గ్రూపులో. నేను సందీప్ పేరు ఇచ్చేస్తున్నా. ఇప్పుడే ఇవ్వాలి. నీ తప్పు కాదు... కానీ ఏం చేయను?"

"ఇచ్చేయ్."

"కోపమా?"

"లేదు అభీ. ఇచ్చేయ్."

ఆపేసింది. తెర నల్లబడ్డాక కుర్చీలో వెనక్కి వాలి గోడ మీది పెట్టె వైపు చూసింది. చాలాసేపు చూసింది. నేను అక్కడ ఉన్న సంగతి అప్పుడు తెలిసింది. ముఖం తిప్పుకుని, "కాఫీ పెట్టేదా తాతా?" అంది.

"వద్దు."

పెదమునియప్ప పని సరిగా చేయలేదనుకున్నాను. అంతకుమించి ఏమీ అనుకోలేదు. సాయంత్రం అతనే పిండి డబ్బా కోసం వచ్చాడు. ఆదివారమైనా, ఆడించి పెట్టిన పిండి తీసుకుపోవడానికి కొందరు వస్తారు. మిల్లు తిరగడం లేదు. మాట స్పష్టంగా వినపడుతుంది.

"నీ పని నిలవలేదప్పా," అన్నాను.

"ఏ పని?"

"పైన. పాప ఓడిపోయింది."

పెదమునియప్ప డబ్బా కింద పెట్టాడు. "నేనేం పని చేసినానన్నా? చెయ్యనిస్తే గదా! నీకు చెప్పే పోతిని. నువ్వు తల ఊపితివి."

"వినపడలేదు. ఇప్పుడు చెప్పు."

"ఫోను ఎత్తి చెవిలో పెట్టుకుంటే కరకరమని ఒకటే రొద. వీధిలో తీగ బాగుండాది. గుంట బాగుండాది. తప్పంతా మీ గోడ మీది పెట్టెలోనే. సందులో టార్చి వేసి చూస్తిని. పసుపునీళ్లు లోపలికి దిగి, రాగి తీగకు పచ్చగా చిలుము పట్టి ఉండాది. తీగ స్క్రూకు ఆనీ ఆననట్టు ఉండాది. ఆయుధపూజకు ఎవురో చెంబెడు పోసినట్టుండారు." నవ్వబోయి ఆగాడు. "పెట్టె పీకేసి కొత్తది వేస్తానంటిని. ఆ పాప అడ్డం నిలబడింది."

"ఏమనింది?"

"వద్దనింది. ఏలమ్మా అంటే, వద్దు అంతే అనింది. వరద నీళ్ల వల్లేనని చెప్పి పొమ్మనింది. ఇదేం వరసరా అనుకుంటా దిగొచ్చి నీకు చెబితిని."

పిండి డబ్బా మూత బిగించాను. "పెట్టె అట్లే ఉంచి, లోపల తీగ ఒకటి మారిస్తే?"

"మూత, పెట్టె, గోడ అన్నీ ఆ పసుపుకు అతుక్కపోయి ఉండాయన్నా. యాడ పట్టి లాగినా ముక్కలే. అట్లే పెట్టుకుంటామంటే మాట్లాడుకునే ఫోను పని చేస్తాది. ఆ ఆట మాత్రం కాదు."

పిండి డబ్బా అతని చేతికి ఇచ్చాను. "రేపు పొద్దున్నే రా," అన్నాను.

పైకి వెళ్లాను. అలివేలు, బసవరాజు వచ్చేశారు. పెళ్లి భోజనం గురించి చెబుతున్నారు. చైత్ర వాళ్ల అమ్మ పక్కన కూర్చుని పూలమాల విప్పుతోంది. నేను ఆ పిల్ల ఎదురుగా కూర్చున్నాను. ఆ పిల్ల నా వైపు చూసినప్పుడు గుప్పెట మూసి తెరిచాను.

చైత్ర చేతుల్లో పూలు కదలడం ఆగింది.

"మునియప్ప చెప్పినాడా?" అంది.

తల ఊపాను.

"ఆ రోజు అవ్వకు దాన్ని చూపించింది నేనే తాతా," అంది. "ఇందులో నుంచే వస్తాదని." మళ్లీ పూలు విప్పడం మొదలుపెట్టింది.

ఏమిటని అలివేలు అడిగింది. ఇద్దరం చెప్పలేదు.

మరుసటి రోజు పొద్దున్నే సర్కిల్‌కు నడిచి వెళ్లి ఎలక్ట్రికల్ అంగడి తెరిచేదాకా గట్టు మీద కూర్చుని, ఒక తెల్ల పెట్టె కొన్నాను. తిరిగి వచ్చేసరికి పెదమునియప్ప వచ్చి టీ తాగుతున్నాడు. చైత్ర కాలేజీకి తయారై సంచి భుజాన వేసుకుని ఉంది. నా చేతిలోది చూసి సంచి దించింది.

"నేను తీస్తా," అని పెదమునియప్ప లేచాడు.

"నేను తీస్తాను. తీగ నువ్వు కట్టు."

మిల్లు స్క్రూడ్రైవరు తీసుకుని పెట్టె అంచు కింద దూర్చాను. ముందు నా చెయ్యి దాని మీద ఆనించి పెట్టాను, ఊడి కింద పడకుండా. కొద్దిగా తిప్పాను. గోడ సున్నం పెచ్చుతో సహా ఊడి వచ్చింది. కుంకుమ ఉన్న చోట మూత రెండుగా విరిగింది. పసుపు పొరలు పొరలుగా రాలి నా అరచేతిలోనూ, చొక్కా మీదా, నేల మీదా పడింది. వేళ్ల గుర్తులు అందులో ఏవీ లేవు. పసుపు పొడి మాత్రమే ఉంది. వాసన కూడా లేదు. గోడలో ఇటుక కనిపించింది.

చైత్ర చేట తెచ్చింది. నేల మీదిది ఊడ్చింది. అరచేతిలో ఉన్నది ఏం చేయాలో నాకు తెలియలేదు. చొక్కా జేబులో వేసుకున్నాను.

పెదమునియప్ప పచ్చబడిన తీగ కొన కత్తిరించి పారేసి, లోపలి నుంచి ఎర్రటి రాగి గీకి తీసి, కొత్త పెట్టెకు బిగించాడు. ఎక్కువసేపు పట్టలేదు. ఫోను ఎత్తి చెవిలో పెట్టుకుని, నాకూ పెట్టాడు. రొద లేదు. ఒకే సన్నని మోత.

అతను వెళ్లాక చైత్ర గోడ వైపు, పెచ్చు ఊడిన చోటు వైపు చూస్తూ నిలబడింది.

"కూర్చో," అన్నాను.

"కాలేజీకి టైమ్ అవుతా ఉండాది తాతా."

"కూర్చో."

కూర్చుంది. కంప్యూటరు వేసింది. నల్ల గడి తెరిచింది. చిన్న అంకెలు ఒకదాని కింద ఒకటి పడ్డాయి. పడుతూనే ఉన్నాయి. ఇద్దరం పెద్ద అంకె కోసం చూశాము. రాలేదు. ఆట తెరిచింది. అదే పాడుబడిన ఊరు, అవే గోడలు.

స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చున్నాను. ఒక కాలు పొట్టి, కొద్దిగా ఊగుతుంది. ఆ సంగతి నాకు అంతవరకు తెలియదు.

కింద హనుమక్క గొంతు వినపడింది. "ఏమన్నా! పొద్దెక్కింది, తలుపు తీస్తావా, గోడ దూకి నేనే ఆడించుకోవల్నా?"

తెర మీద దూరంగా గోడ చాటు నుంచి ఒకడు వచ్చాడు.

"వాడు మనోడా?" అన్నాను.

చైత్ర తల తిప్పలేదు.

"తెలిసినోళ్లు ఎవురూ లేరు తాతా ఈ పొద్దున. అవతలోడే."

"మళ్లీ లేస్తాడా?"

"లేస్తాడు."

"అయితే కాల్చు."

కాల్చింది. వాడు పడిపోయాడు. హనుమక్క కింద తలుపు బాదుతోంది. బాదనిచ్చాను. ఆ రౌండు అయిపోయి, పడినవాళ్లంతా లేచేదాకా కూర్చుని, తర్వాత దిగి మిల్లు తెరిచాను.